ఆ రుబ్బురోలు రాయిదేనా?

అమ్మకి మోకాలు మార్చి మూడు వారాలు దాటింది. పొద్దున్నే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ముప్పావుగంట కాలు వంచి, చాపి, అమ్మ చేత అరవంలోనూ తెలుగులోనూ శాపనార్థాలు పెట్టించుకుని వెళ్తుంది. ఆ తర్వాత రోజంతా అమ్మకి పని లేదు. పని లేకపోతే అమ్మకి కోపం. వంటింట్లోంచి పోపు వాసన వస్తే చాలు, "ఇంగువ ఎక్కువైంది" అని హాల్లోంచే కేక. కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చాయో ఆవిడ లెక్కపెడుతుంది, పొయ్యి దగ్గరున్న నేను మర్చిపోతాను.

ఇలా లాభం లేదని మా అమ్మాయి టీవీలో యూట్యూబ్ తెరిచి, "అమ్మమ్మా, ఏ సినిమా కావాలి?" అని అడిగింది.

"అరవనిది ఏదైనా పెట్టవే" అంది అమ్మ.

అలా మొదలైన సినిమాలు ఇప్పటికి పదకొండు అయ్యాయి. కొన్ని చిన్నప్పుడు చూసినవే, కొన్ని కొత్తవి. మద్రాసులో మా వలసరవాక్కం ఫ్లాట్లో మధ్యాహ్నం రెండింటికి కర్టెన్లు వేసేసి, అమ్మ కాలికింద రెండు దిండ్లు పెట్టి, నేను కింద చాప మీద కూర్చుంటున్నాను. రిటైరయ్యాక మా ఆయనకి ఇంత క్రమశిక్షణగా మరే పనీ లేదు, రెండుకి అయిదు నిమిషాల ముందే కుర్చీ పట్టేస్తారు. ఆ పదకొండింటి గురించీ రాయను, కొన్నిటికి నేనే నిద్రపోయాను.

మొదట మాయాబజార్. ఇంకేముంటుంది? మా అమ్మాయి తెలీక రంగుల్లోది పెట్టేసింది, 2010లో రంగులు వేసి విడుదల చేసినది. పేర్లు అయిపోయాయి, కథ మొదలైంది, శశిరేఖగా సావిత్రి వచ్చింది. అమ్మ ఒక్కసారిగా, "ఆపు ఆపు, చీర రంగు తప్పు" అంది.

"నలుపు తెలుపు సినిమాలో చీర రంగు నీకెలా తెలుసే అమ్మా?"

"తెలుసు. అది చిలకాకుపచ్చ."

పదకొండేళ్ళప్పుడు, 1957లో, తెనాలిలో నేల టిక్కెట్టు మీద చూసిందట. ఆ రోజు నుంచీ అది చిలకాకుపచ్చే. అరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ కళ్ళలో ఉన్న రంగుని ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని మార్చేస్తే ఊరుకుంటుందా? నలుపు తెలుపుది వెతికి పెట్టాక గానీ కుదుటపడలేదు. నా మట్టుకు నాకు రంగులది మరీ చెడ్డగా ఏం లేదు, పిల్లలు కూర్చుని చూస్తున్నారంటే ఆ రంగుల పుణ్యమే. అయితే ఆ పడవ పాట దగ్గర మాత్రం నేను అమ్మ పక్షం. మార్కస్ బార్ట్లే కెమెరాతో పుట్టించిన ఆ వెన్నెలకి రంగు పూయడమంటే పెరుగన్నంలో పంచదార కలిపినట్టు. తినేవాళ్ళున్నారు, కాదనను.

ఇన్నిసార్లు చూసినా నాకు తట్టని సంగతొకటి మా అమ్మాయి పట్టుకుంది. "అమ్మా, ఇందులో పాండవులు ఎక్కడ?" నిజమే. భారతం కథ, అభిమన్యుడి పెళ్ళి, మూడు గంటల సినిమా, పాండవుల్లో ఒక్కడూ కనపడడు. వాళ్ళు లేరని ఎవరికీ గుర్తు రాకుండా కథ నడిపించారంటే దర్శకుడు కె.వి. రెడ్డి గారూ, మాటలు రాసిన పింగళి వారూ ఎంత గడుసువాళ్ళో. గింబళి, గిల్పం, తసమదీయులు అంటూ మాటలు పుట్టించడం చూసి పిల్ల పడీపడీ నవ్వింది. మద్రాసులో పెరిగిన పిల్ల, తెలుగు చదవడం రాదు, మాట్లాడితే సగం అరవం దొర్లుతుంది. ఇప్పుడు ఆఫీసులో తన టీమ్ అసమదీయులు, పక్క టీమ్ తసమదీయులు. పక్క టీమ్ వాళ్ళకి సంగతి తెలీదు.

రెండో వారం గుండమ్మ కథ. అసలు నేను రాద్దామనుకున్నది దీని గురించి.

మా నాన్న విజయా వాహినీ స్టూడియోలో మౌల్డింగ్ పని చేసేవారు. సెట్‌లో స్తంభం మీద నెమళ్ళు, తలుపు పైన ఏనుగులు, రాజుగారి సింహాసనం చేతుల మీద సింహం తలకాయలు, ఇవన్నీ బంకమట్టితో చేసి, అచ్చు తీసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో కొబ్బరి పీచు కలిపి పోత పోసేవారు. రాత్రికి ఆరబెట్టి, పొద్దున రంగు వేస్తే రాయి, టేకు, బంగారం, ఏది కావాలంటే అది. పేరు తెర మీద పడే ఉద్యోగం కాదు. తెనాలి నుంచి 1960లో ఇరవయ్యేళ్ళప్పుడు వచ్చారు. ఆ ఊరి వాళ్ళు మద్రాసు రావడం అప్పట్లో వింతేమీ కాదు. విజయా సంస్థ నిర్మాత చక్రపాణి గారిది తెనాలే కదా, ఆ పేరు చెప్పుకుని రైలెక్కిన వాళ్ళు ఎంతమందో. నాన్నకి ఆయనతో ముఖపరిచయం కూడా లేదు. ఊరు ఒకటే, అంతే.

గుండమ్మ కథ 1962లో వచ్చింది. రామారావుకి నూరో సినిమా, నాగేశ్వరరావుకి తొంభైతొమ్మిదోది. రామారావు నిక్కరు వేసుకుని, పనివాడి వేషంలో, సావిత్రి పక్కన కూర్చుని పిండి రుబ్బుతూ పాడే పాట ఉంది కదా, లేచింది మహిళాలోకం అని. అందులో రుబ్బురోలు తనే చేశానని నాన్న చెప్పేవారు.

అంటే అది రాయి కాదు, ప్లాస్టర్ అని. నిజం రోలయితే లైటు మార్చినప్పుడల్లా, కెమెరా జరిపినప్పుడల్లా నలుగురు మోయాలి, పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఎవరు మోస్తారు, అందుకని మౌల్డింగ్ వాళ్ళని చెయ్యమన్నారు, పొత్రంతో సహా పోత పోసింది నేనే అని ఆయన వాదన.

అమ్మ ఒప్పుకునేది కాదు. పెళ్ళైన కొత్తలో, 1964లో, వడపళని దగ్గర ఒక గది అద్దె ఇంట్లో మొదటిసారి ఈ సంగతి చెప్పారట. అప్పుడే "సుద్దరోలా? చాల్లెండి" అందట. అక్కణ్ణుంచి నలభై ఎనిమిదేళ్ళు సాగింది. మా ఇంట్లో ఆస్తి తగాదాల్లేవు, ఆస్తి లేదు కాబట్టి. ఉన్నదల్లా ఈ రోలు తగాదా ఒక్కటే.

సినిమా మళ్ళీ రిలీజై కమలా థియేటర్‌కో, ఇంకో హాలుకో వస్తే వెళ్ళేవాళ్ళం. ఆ పాట రాగానే అమ్మా నాన్నా కుర్చీల్లో ముందుకు జరిగేవారు. పాట అయ్యేలోపు గుసగుసగా వాదన మొదలు. ముందు వరసల వాళ్ళు తిరిగి చూసేవారు. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. ఎనిమిదో క్లాసులో ఉండగా వేసవి సెలవులకి ఒక రాత్రికి వీసీఆరూ, టీవీ అద్దెకి తెచ్చారు. వీధిలో పది కుటుంబాలు చాపలు తెచ్చుకుని కూర్చున్నాయి. నాన్న ఆ పాటని వెనక్కి తిప్పి తిప్పి నాలుగుసార్లు వేశారు. అయిదోసారికి క్యాసెట్ టేపు నలిగి చుట్టుకుపోయింది. క్యాసెట్ షాపాయనకి డబ్బు కట్టాల్సొచ్చింది. ఎంతో గుర్తులేదు గానీ, ఆ నెల పాల చీటీ తగ్గించుకోవడం గుర్తుంది.

ఈసారి మా హాల్లో అదే పాట. నలభై మూడు అంగుళాల తెర. నాన్న లేరు.

పాట మొదలవగానే అమ్మ అంది, "ఆ భుజం చూడు."

చూశాను.

"పొత్రం బరువు లేకపోతే భుజం అలా కదలదు. నేను అరవై ఏళ్ళు రుబ్బాను, నాకు తెలీదా? సుద్దదైతే చెయ్యి మాత్రమే తిరుగుతుంది. భుజం లేవదు."

మా ఆయన జాగ్రత్తగా, "మరి మావయ్యగారు దానికేమనేవారు అత్తయ్యా?" అన్నారు. ఆయనకి తెలుసు, అయినా అడిగారు. అత్తగారి చేత మాట్లాడించడంలో ఆయన గట్టివాడు.

"ఏమంటారు! లేని బరువు చూపించాడు కాబట్టే ఆయన రామారావు అయ్యాడు, ఉన్న బరువు ఎవడైనా చూపిస్తాడు, అనేవారు."

ఈ మాట నేను చిన్నప్పుడు వంద సార్లు విన్నాను. అప్పుడు నాన్న బుకాయిస్తున్నారనుకునేదాన్ని. మొన్న విన్నప్పుడు నటన గురించి ఇంతకన్నా బాగా ఎవరు చెప్పారా అనిపించింది. మా అమ్మాయి ఫోన్లో పాట పెట్టి పావు వేగానికి తగ్గించి చూపించింది. భుజం లేస్తోంది. దిగుతోంది. రాయో సుద్దో ఏం తేలుతుంది? అమ్మ మాత్రం పొత్రం మీంచి చూపు తీసి, "పిండిలో నీళ్ళెక్కువ పోశారు, ఆ ఇడ్లీ రాదు" అంది.

సినిమా సంగతికొస్తే, గుండమ్మ కథ ఇప్పుడు చూస్తే రెండో సగంలో సాగుతుంది. జమున పొగరు అణచడమనే వ్యవహారమంతా నాకు నచ్చలేదు. చిన్నప్పుడు చప్పట్లు కొట్టిన చోటే ఇప్పుడు చిరాకేసింది. సూర్యకాంతం మాత్రం చెక్కు చెదరలేదు. ఆవిడ ఎడమచెయ్యి ఊపుతూ మాట్లాడుతుంటే, పాతికేళ్ళ కిందట సాలిగ్రామంలో మా ఇంటి ఓనరమ్మ కళ్ళ ముందుకొచ్చింది. గయ్యాళి అంటాం గానీ, ఆ గయ్యాళితనం వెనకాల ఒంటరిగా ఇల్లు లాక్కొచ్చిన ఆడదాని భయం ఉందని ఇప్పుడు తెలుస్తోంది. గంటయ్య లాంటి వాళ్ళు చుట్టూ ఉంటే మెత్తగా ఉండి బతికేదెలా?

ఆ స్టూడియో గురించి రెండు మాటలు. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ స్థలంలో ఒకవైపు ఆస్పత్రి, ఒకవైపు మాల్. పేరులో విజయా మిగిలింది. మాల్ తెరిచిన కొత్తలో మా అమ్మాయి పిజ్జా తింటానంటే అమ్మని కూడా తీసుకెళ్ళాను. ఎస్కలేటర్ ఎక్కడానికి భయపడి కిందే బెంచీ మీద కూర్చుంది. మేం దిగొచ్చేసరికి సెక్యూరిటీ అబ్బాయికి అరవంలో ఏదో చెబుతోంది. దగ్గరికెళ్తే అర్థమైంది, ఎక్కడ ఏ షూటింగ్ ఫ్లోరు ఉండేదో, ఏ గేటు దగ్గర నాన్నకి క్యారేజీ ఇచ్చేదో చేత్తో చూపిస్తోంది. ఆ అబ్బాయి బీహారు వాడు. అరవమూ రాదు, తెలుగూ రాదు. బుద్ధిగా తలూపుతున్నాడు.

కోడంబాక్కం రైలు గేటు దగ్గర వంతెన లేని రోజుల్లో గేటు పడితే పండగని నాన్న చెప్పేవారు. స్టూడియోకి వెళ్ళే కార్లన్నీ అక్కడ ఆగాలి. జనం అద్దాల్లోకి తొంగి చూసేవాళ్ళు. నాన్న సైకిలు పక్కన నాగేశ్వరరావు కారు ఒకసారి పది నిమిషాలు ఆగిందట. ఏం మాట్లాడారు అని అడిగితే, "ఆయనా చెమటలు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను" అనేవారు.

తర్వాత మిస్సమ్మ. దీని మీద మా ఇంట్లో భేదాభిప్రాయాల్లేవు, అందుకే ఎక్కువ చెప్పడానికీ లేదు. 1955 నాటి సినిమా ఇంత హాయిగా ఎలా ఉందా అని ఆశ్చర్యమేసింది. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడే కథ. ఇప్పుడు తీస్తే ఎంత గోల చేస్తారో, అక్కడ అందరూ ఎంత మెల్లగా మాట్లాడతారో. భానుమతి గారితో కొంత తీశాక గొడవొచ్చి, రెండో వేషం వెయ్యాల్సిన సావిత్రిని మేరీగా పెట్టారు. సావిత్రి వెయ్యాల్సింది జమునకి వచ్చింది. భానుమతి ఆ వేషం ఎలా వేసుండేదో అని అమ్మా నేనూ సాయంత్రం కాఫీ అయ్యేదాకా వాదించుకున్నాం. అమ్మ లెక్కలో భానుమతి అయితే ఎం.టి. రావు మొదటి రీలులోనే పారిపోయేవాడు. ఒక్క విషయం మాత్రం నాకు కొరుకుడు పడదు. అంత ధీమాగా తన మతం, తన ప్రార్థన తనకున్న మేరీని చివర్లో తప్పిపోయిన మహాలక్ష్మిగా తేల్చేసి, కాలి మచ్చతో కథ ముడేసేశారు. మేరీ మేరీగానే ఉంటే ఏమయ్యేది? 1955లో ఏమయ్యేదో అందరికీ తెలుసనుకోండి.

మా ఆయన పట్టుబట్టి ఒక రోజు జంధ్యాల గారి అహ నా పెళ్ళంట వేయించుకున్నారు. చూరుకి వేలాడే కోడిని చూస్తూ కోట వట్టి అన్నం తినే సీను రాకముందే నవ్వడం మొదలుపెట్టారు. సీను వచ్చాక ఏం జరిగిందో మాకెవరికీ వినపడలేదు.

మరో చరిత్రకి మాత్రం అమ్మ ఎందుకో ముభావంగా కూర్చుంది. అది వచ్చినప్పుడు, 1978లో, నాకు పదకొండేళ్ళు. పెద్దవాళ్ళ సినిమా అని తీసుకెళ్ళలేదు. మౌంట్ రోడ్డు సఫైర్‌లో ఏడాది దాటినా తీయలేదు. తెలుగు సినిమా, అరవంలోకి మార్చకుండానే, మద్రాసులో. కమల్ హాసన్ అరవ కుర్రాడు, సరిత తెలుగు పిల్ల, విశాఖపట్నంలో కథ, ఒకరి భాష ఒకరికి రాదు. మా స్కూల్లో అరవ పిల్లలు ఆ పాటలు తెలుగులోనే పాడేవాళ్ళు. మాటలు తప్పులు పాడితే మేం దిద్దేవాళ్ళం. మద్రాసులో మా భాష తెలియడం గొప్పయిన రోజులు నాకు తెలిసి రెండే. ఒకటి అది, ఇంకోటి రెండేళ్ళకి శంకరాభరణం వచ్చినప్పుడు. అప్పుడు పక్కింటి అరవ మామి నన్ను పిలిచి, సోమయాజులు గారి డైలాగులకి అర్థం చెప్పించుకుని, చెప్పినందుకు మురుక్కులు పెట్టేది. కచేరీలు వినే ఇంట్లో పుట్టిన ఆవిడకి, సంగీతం ఓనమాలు తెలియని నేను శంకరశాస్త్రి గారిని వివరించడం! మురుక్కులు మాత్రం న్యాయంగా సంపాదించుకున్నాననే అనుకునేదాన్ని.

మరో చరిత్ర ఇప్పుడు చూస్తే? పాటలు అలాగే ఉన్నాయి. విశ్వనాథన్ గారి బాణీలకి వయసు రాలేదు. లిఫ్టులో సినిమా పేర్లన్నీ కలిపి పాడే పాటకి మా అమ్మాయి కూడా లేచి కూర్చుంది. సరిత కళ్ళు ఇప్పటికీ అంతే. ముగింపు మాత్రం నేను చూడలేకపోయాను. పదకొండేళ్ళ పిల్లని తీసుకెళ్ళకపోవడం మంచిదే అయింది. పెళ్ళీడు పిల్ల పక్కన కూర్చుని ఉండగా చూడటమూ కష్టంగానే ఉంది. ఎందుకంటే మా అమ్మాయి కూడా ఒక అరవ కుర్రాడి పేరు రోజుకి నాలుగుసార్లు ఎత్తుతోంది. నేను అడగలేదు, తను చెప్పలేదు. సినిమాలో ఏడాది పాటు కలుసుకోకుండా ఉండాలని పెద్దవాళ్ళు షరతు పెట్టే చోట, పిల్ల నా వైపు చూసింది. నేను నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. సినిమా అంతా ముభావంగా ఉన్న అమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఇప్పుడా బాధ లేదు కదే, ఫోన్లున్నాయి" అంది మనవరాలితో. ఏమిటో, ఆవిడకి నాకంటే ముందే తెలిసినట్టుంది.

మహానటి కూడా చూశాం. కీర్తి సురేష్‌కి జాతీయ అవార్డు వచ్చిన సినిమా. బాగుంది, చాలా బాగుంది. అమ్మకి కూడా నచ్చింది. "అయితే ఈ అమ్మాయి సావిత్రిలా నవ్వింది గానీ, సావిత్రి నవ్వు ఆపుకోవడం ఉండేది, అది రాలేదు" అంది. హబీబుల్లా రోడ్డులో సావిత్రి ఇంటి మీదుగా నాన్నతో ఎన్నోసార్లు నడిచిందట. గేటు ఎప్పుడు తెరిచి ఉండేదో, ఎప్పుడు మూసి ఉండేదో చెబుతూ పోయింది. టి. నగర్ అప్పట్లో అలా ఉండేది. ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల గారిల్లు. రామారావుగారి ఇంటి ముందు పొద్దున్నే తిరుపతి నుంచి గుండ్లతో దిగిన బస్సుల జనం, ఏడుకొండలవాడి దర్శనమయ్యాక ఈయన దర్శనం. పానగల్ పార్కు బెంచీల మీద పని దొరికినవాళ్ళూ దొరకనివాళ్ళూ. డెబ్భైల చివరికొచ్చేసరికి ఒక్కొక్కరే హైదరాబాదు సర్దుకున్నారు. నాన్నని కూడా రమ్మన్నారు. నాకు స్కూలుందని, అమ్మకి ఇక్కడే అలవాటైందని ఏదో వంక చెప్పి ఉండిపోయారు. సెట్లు తగ్గాక కల్యాణ మండపాలకి స్తంభాలు, ఇళ్ళకి సీలింగ్ బోర్డర్లు పోసి సంపాదించారు. మా హాల్లో టీవీ పైన గోడ అంచున వంకీ తిరిగి పోయే మామిడి పిందెల వరస ఆయన చేతిదే. ఫ్లాటు కొన్నప్పుడు అరవై మూడేళ్ళ వయసులో నిచ్చెనెక్కి చేశారు. ఒక మూల ఒక పింద తలకిందులుగా ఉంటుంది. కావాలని చేశానన్నారు. అమ్మ అదీ నమ్మలేదు.

చివరగా బలగం. 2023 నాటిది. ఇది పెట్టింది నేనే, నా తప్పే. తెలంగాణ పల్లెలో ఒక ముసలాయన పోతాడు, దినాలు చేస్తారు, పిట్ట ముట్టదు. అంటే పిండం పెడితే కాకి తినదు. పోయినాయన మనసులో ఏదో మిగిలిపోయింది, అదేమిటో ఎవరికీ తెలీదు, ఇంట్లో కొట్లాటలు. మాటలు మా కోస్తా చెవులకి మొదటి పది నిమిషాలే కొత్త. తర్వాత అది మన ఇల్లే, మన బావగారే, మన చావు భోజనమే. ఆఖర్న బుర్రకథ వాళ్ళ పాట దగ్గర మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కమెడియన్‌గా తెలిసిన వేణు ఇంత నిబ్బరంగా సినిమా తీస్తాడని అనుకోలేదు. ఎవరినీ చెడ్డవాళ్ళని చెయ్యకుండా కుటుంబాన్ని చూపించడం తేలిక కాదు.

అమ్మ సినిమా మధ్యలోనే మంచినీళ్ళడిగి, తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది.

నాన్న 2012లో పోయారు. పదో రోజున మా ఫ్లాట్ మేడ మీద పిట్టగోడ పైన ఆకులో పిండం పెట్టారు. మద్రాసులో కాకులకి కరువా? కింద ఫ్లాట్ మామి రోజూ పదకొండింటికి అన్నం ముద్ద పెట్టి కేకేస్తే కాకులు గుంపుగా వాలతాయి. ఆవిడ కేక విని మేం టైం చూసుకుంటాం. ఆ రోజు ఒక్కటి రాలేదు. ఎదురు నీళ్ళ ట్యాంకు మీద ఆరేడు కూర్చుని చూస్తున్నాయి గానీ కదలవు. ఎండ మాడిపోతోంది. బాబాయి, "అన్నయ్యా, నీ కూతుర్ని నేను చూసుకుంటాను" అన్నాడు. నేను పెళ్ళై పదిహేడేళ్ళైన దాన్ని. పురోహితుడు గారు, "ఏదైనా కోరిక మిగిలిందేమో, చెప్పండమ్మా" అన్నారు. ఒకరి తర్వాత ఒకరం ఏవేవో చెప్పాం. ఆయనకి ఇష్టమని కొని తెచ్చిన జంతికలు పెట్టాం. ఊహూఁ. అప్పుడు అమ్మ మెట్ల దగ్గర నుంచి లేచి వచ్చి, పిట్టగోడ దగ్గర నిలబడి, మాకు వినపడకుండా ఏదో గొణిగి, వెనక్కి తిరగకుండా దిగి వెళ్ళిపోయింది. రెండు నిమిషాల్లో కాకి వాలింది.

ఏమన్నావని చాలాసార్లు అడిగాను. చెప్పలేదు. నన్ను బాగా చూసుకుంటాననో, ఇల్లు అమ్మననో, ఇంకేదైనా పాత మాటో, నేనే రకరకాలుగా ఊహించుకున్నాను. పదమూడేళ్ళు.

బలగం అయిపోయింది. పేర్లు పడుతున్నాయి. మా అమ్మాయి ముక్కు చీదుకుంటూ, "అమ్మమ్మా, తాతయ్యకి కూడా కాకి రాలేదంట కదా, నువ్వేదో చెబితే వచ్చిందంట కదా, ఏం చెప్పావ్?" అంది. పిల్లలు అడిగితే అమ్మ చెప్పేస్తుంది, నేనడిగితేనే బిగుసుకుంటుంది.

గ్లాసు పక్కన పెట్టి అంది.

"ఏముందే. 'సరే, ఆ రోలు సుద్దదే. మీరే చేశారు. నేను ఒప్పుకుంటున్నాను. ఎండగా ఉంది, వచ్చి తినండి' అన్నాను."

ఎవరమూ మాట్లాడలేదు. టీవీ తనంతట తనే తర్వాతి వీడియోకి పోయింది, ఏదో వంట ప్రోగ్రాం. మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. కాఫీ డికాక్షన్ దిగలేదని అక్కణ్ణుంచే చెప్పారు, ఎవరూ అడక్కుండానే.

కాసేపాగి అమ్మ కాలు కింది దిండు సర్దుకుంది. "అయినా అది రాయే" అంది. "ఆ పాట మళ్ళీ పెట్టు."

పెట్టాను. "ఆ భుజం చూడు" అంది.